తీగకి రెండు చివరలు: పాత సీరియల్ ప్రింటరు, మన తెలుగు పేర్లు



ఈ పేజీలో ఊళ్ళ చరిత్ర, వలసల చరిత్ర, గుళ్ళ చరిత్ర రాస్తూ వచ్చాం. ఈసారి ఒక ప్రింటరు చరిత్ర రాస్తున్నాం. ఇదేం సంఘం పని అని కొందరికి అనిపించవచ్చు. చివరిదాకా చదవండి, ఇది మన పేర్ల సంగతే.

విషయం ఇది. బెంగళూరులో మన సంఘం గదిలో మూలన ఒక పాత కంప్యూటరు, దాని పక్కన ఒక డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు ఉన్నాయి. రెండూ 1990ల మొదట్లోవి. ఒక ఆఫీసు కొత్తవి కొనుక్కున్నప్పుడు తక్కువ ధరకి మన పెద్దలు తెచ్చారు. ఆ కంప్యూటరులో మన తొలి సభ్యుల జాబితా ఉంది. పేరు, ఇంటిపేరు, స్వస్థలం, బెంగళూరు వచ్చిన సంవత్సరం, అన్నీ తెలుగులో. కాగితం మీద తీసిన ప్రతుల్లో సగం చెదలు తిన్నాయి. కంప్యూటరులో ఫ్లాపీ డ్రైవు చెడిపోయింది. లోపలి హార్డ్ డిస్కు ఐడీఈ కంటే ముందు తరానిది, ఇప్పుడు బజారులో దొరికే కన్వర్టర్లు దానికి అతకవు. ఆ పెట్టెలోంచి అక్షరం బయటికి రావడానికి మిగిలిన దారి ఒక్కటే, ప్రింటరుకి వెళ్ళే తీగ.

ఆ ప్రింటరు సీరియల్ ప్రింటరు. ఈ రోజు ల్యాప్‌టాపుకి తగిలిస్తే ఉలకదు, పలకదు. దాన్ని పలికించాలంటే అది ఎక్కడ పుట్టిందో, దాని భాష ఏమిటో తెలియాలి. అందుకే ముందు చరిత్ర.

టెలిగ్రాఫు నుంచి వచ్చిన అలవాటు

సీరియల్ అంటే వరుసగా. ఒక తీగ మీద ఒకదాని వెనక ఒకటిగా సంకేతాలు పంపడం. ఈ పద్ధతి కంప్యూటరు కంటే చాలా పాతది. 1874లో ఫ్రాన్సులో ఎమిల్ బోదో అనే టెలిగ్రాఫు ఉద్యోగి ఒక్కో అక్షరాన్ని ఐదు సంకేతాలుగా పంపే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఐదు సంకేతాలంటే 32 రకాల కలయికలు. ఇంగ్లీషు, ఫ్రెంచి అక్షరాలకి అవి చాలతాయి. తీగ మీది వేగాన్ని ఈనాటికీ ‘బాడ్’ అంటున్నామే, అది ఆయన పేరులోంచి వచ్చిందే.

తర్వాత టెలీప్రింటర్లు వచ్చాయి. వాటికి ఒక సమస్య ఉండేది. అక్షరం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో అవతలి యంత్రానికి ఎలా తెలియాలి? అందుకని ప్రతి అక్షరానికి ముందు ‘ఇదిగో మొదలైంది’ అని ఒక సంకేతం, వెనక ‘ముగిసింది’ అని ఇంకొకటి పెట్టారు. స్టార్ట్ బిట్, స్టాప్ బిట్ అని మన ప్రింటరు పుస్తకంలో కనిపించే మాటలు ఇవే.

మన దేశంలో ఈ యంత్రాలు తయారుచేయడానికి 1960లో మద్రాసులో హిందుస్థాన్ టెలీప్రింటర్స్ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. గిండీలో కర్మాగారం. తమిళనాడులోని మన సభ్యులకి ఆ పేరు తెలిసే ఉంటుంది. ఆ తరంవాళ్ళకి ఇంకో సంగతి కూడా గుర్తుంటుంది. ఊరినుంచి మనకి వచ్చిన టెలిగ్రాములు ఇంగ్లీషులో ఉండేవి, లేదంటే తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేవి. పెళ్ళి కబురైనా చావు కబురైనా అంతే. 2013 జులైలో ఆ సేవ ఆగిపోయేదాకా మన ఇళ్ళకి వచ్చినవి అలాంటివే. తీగ మీద తెలుగు నడవకపోవడం అక్కడినుంచే మొదలైంది.

ఏడు బిట్లు, ఇరవై అయిదు పిన్నులు

1963లో అమెరికాలో రెండు సంగతులు జరిగాయి. ఆస్కీ అనే సంకేతాల పట్టిక అచ్చయింది. అదే ఏడు టెలిటైప్ మోడల్ 33 అనే యంత్రం వచ్చింది. ఆస్కీలో అక్షరానికి ఏడు బిట్లు, అంటే 128 గడులు. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు, అంకెలు, కామాలు, ఫుల్‌స్టాపులు, యంత్రానికి ఇచ్చే ఆజ్ఞలు వీటిలోనే సర్దాలి. తర్వాతి సవరణల్లో చిన్నబడి అక్షరాలూ చేరాయి. ఇంకొకరికి చోటు లేదు.

టెలిటైప్ 33 వేగం 110 బాడ్. అక్షరానికి ఏడు బిట్లు, తప్పు పట్టుకోవడానికి ఒక పారిటీ బిట్, ముందు ఒక స్టార్ట్ బిట్, వెనక రెండు స్టాప్ బిట్లు. మొత్తం 11. కాబట్టి సెకనుకి పది అక్షరాలు. కంప్యూటరుతో మాట్లాడటానికి చాలాకాలం జనం వాడింది ఈ యంత్రాన్నే. అంటే తొలినాళ్ళలో చాలామందికి కంప్యూటరు తెర అంటే ప్రింటరే.

యంత్రానికీ మోడెముకీ మధ్య తీగలు ఎలా ఉండాలో చెప్పే ఆర్ఎస్-232 అనే ప్రమాణం 1960లో వచ్చింది. 1969లో దాని ‘సి’ రూపం స్థిరపడింది. ఇరవై అయిదు పిన్నుల కనెక్టరు దానితోనే ప్రసిద్ధమైంది. ఇందులో సున్నాకీ ఒకటికీ తేడా వోల్టేజి గుర్తులో ఉంటుంది. ప్లస్ 3 నుంచి ప్లస్ 15 వోల్టుల దాకా ఉంటే సున్నా, మైనస్ 3 నుంచి మైనస్ 15 దాకా ఉంటే ఒకటి. తీగ ఖాళీగా ఉన్నప్పుడు మైనస్‌లో ఉంటుంది. ఈ చిన్న సంగతి తర్వాత మనకి చాలా పనికొస్తుంది.

ప్రమాణం రాసినవాళ్ళు ఒక చివర యంత్రం, ఇంకో చివర మోడెము ఉంటాయని అనుకున్నారు. ప్రింటరూ కంప్యూటరూ ఎదురెదురుగా కూర్చుంటాయని అనుకోలేదు. రెండూ ‘యంత్రం’ వైపువే. అందువల్ల రెండూ ఒకే పిన్ను మీద మాట్లాడతాయి, ఒకే పిన్ను మీద వింటాయి. ఒకేసారి ఇద్దరూ మాట్లాడి ఎవరూ వినకపోతే ఏమవుతుందో మన సర్వసభ్య సమావేశాలు చూసినవారికి చెప్పనక్కర్లేదు.

ప్యారలల్ వచ్చింది, సీరియల్ నిలిచింది

1970లో సెంట్రానిక్స్ అనే సంస్థ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరుతో పాటు ఇంకో రకం తీగ తెచ్చింది. ఎనిమిది బిట్లు ఎనిమిది తీగల మీద ఒకేసారి వెళ్తాయి. దీన్నే ప్యారలల్ అన్నారు. వేగం ఎంత, బిట్లు ఎన్ని అని రెండు పక్కలా ముందే కుదుర్చుకోవలసిన పని లేదు. 1980లో ఎప్సన్ ఎంఎక్స్-80 వచ్చింది. 1981 ఆగస్టులో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు దానితో అమ్మిన ప్రింటరు ఎప్సన్ తయారుచేసిందే, ప్యారలల్ తీగతోనే. అప్పటినుంచి పీసీకి ప్రింటరంటే ప్యారలల్ అని స్థిరపడింది.

మరి సీరియల్ ప్రింటర్లు ఎందుకు మిగిలాయి? దూరం కోసం. ప్యారలల్ తీగ కొన్ని మీటర్లు దాటితే నమ్మలేం. ఆర్ఎస్-232 తీగని 50 అడుగుల దాకా వేయవచ్చని ప్రమాణమే చెప్పింది. ఒక పెద్ద కంప్యూటరు, దానికి వేర్వేరు గదుల్లో టెర్మినళ్ళు, ఇంకో గదిలో ప్రింటరు ఉన్న ఆఫీసుల్లో సీరియలే సౌకర్యం. మన దేశంలో 1984లో రిజర్వు బ్యాంకు రంగరాజన్ కమిటీ నివేదిక వచ్చాక బ్యాంకుల్లో కంప్యూటర్లు పెరిగాయి. మనవాళ్ళలో బ్యాంకు ఉద్యోగాలు చేసి రిటైరైనవారు చాలామంది. ఒక యూనిక్స్ యంత్రం, దానికి అల్లుకున్న సీరియల్ తీగలు వారికి కొత్త కాదు. 1984లో వచ్చిన మొదటి హెచ్‌పీ లేజర్‌జెట్ కూడా సీరియల్ తీగతోనే వచ్చింది.

తర్వాత 1996లో యూఎస్‌బీ వచ్చింది. కొన్నేళ్ళలో పీసీ వెనకనుంచి పాత కనెక్టర్లు ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. ప్రింటర్లు బాగానే ఉన్నాయి, వాటితో మాట్లాడే నోరు పీసీకి లేకుండా పోయింది.

ఒప్పందం కుదరాల్సిన అయిదు సంగతులు

సీరియల్ తీగకి తెలివి లేదు. రెండు చివరలా ఉన్నవాళ్ళు ముందే ఒకే మాట మీద ఉండాలి. ఆ మాటలు అయిదు. ఏది కుదరకపోతే కాగితం మీద ఏం కనిపిస్తుందో కూడా రాస్తున్నాం. మీ ఇంట్లోనో, మీ సంఘంలోనో ఇలాంటి ప్రింటరు ఉంటే పనికొస్తుంది.

మొదటిది, తీగ మలుపు. పీసీ మాట్లాడే పిన్ను ప్రింటరు వినే పిన్నుకి చేరాలి. ఇరవై అయిదు పిన్నుల ప్రింటరులో 2 మాట్లాడేది, 3 వినేది, 7 గ్రౌండు. తొమ్మిది పిన్నుల పీసీలో 3 మాట్లాడేది, 2 వినేది, 5 గ్రౌండు. అంటే 3కి 3, 2కి 2, 5కి 7 కలిపితే చాలు. అంకెలు నేరుగా ఉన్నా మాట మాత్రం మలుపు తిరిగినట్టే. ఏ పిన్ను మాట్లాడేదో అనుమానం వస్తే మల్టీమీటరు తీయండి. గ్రౌండుకీ ఆ పిన్నుకీ మధ్య మైనస్ వోల్టేజి చూపిస్తే అది మాట్లాడే పిన్ను. ఇది కుదరకపోతే ప్రింటరు కదలదు, అంతే.

ఇక్కడ ఒక హెచ్చరిక. పాత పీసీ వెనక ఉండే ఇరవై అయిదు రంధ్రాల కనెక్టరు ప్యారలల్‌ది. సీరియల్ తీగ దానికి చక్కగా అతుకుతుంది, కానీ వోల్టేజీలు వేరు. పోర్టు కాలిపోవచ్చు. పీసీలో సీరియల్‌కి పిన్నులు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి.

రెండోది, వేగం. 9600 అంటే రెండువైపులా 9600. ప్రింటరులో దీన్ని లోపలి చిన్న స్విచ్చులతో పెడతారు. వేగం కుదరకపోతే ప్రింటరు కదులుతుంది, కానీ పిచ్చి గుర్తులు కొడుతుంది. ఒక రకంగా అది శుభవార్తే, తీగ సరిగ్గా ఉందని అర్థం.

మూడోది, బిట్లు ఏడా ఎనిమిదా. నాలుగోది, పారిటీ ఉందా లేదా. ఈ రెండూ కొంచెం తేడాగా ఉంటే కొన్ని అక్షరాలు సరిగ్గా, కొన్ని తప్పుగా వస్తాయి. అంతా తప్పైతే వేగాన్ని చూడండి, సగం తప్పైతే వీటిని చూడండి.

అయిదోది అన్నింటికంటే ముఖ్యం, ‘ఆగు’ అనే మాట. 9600 వేగంలో అక్షరానికి పది బిట్ల చొప్పున సెకనుకి 960 అక్షరాలు వస్తాయి. ప్రింటరు సెకనుకి 80 కొడుతుందనుకోండి. మిగిలిన 880 లోపలి జ్ఞాపకంలో పోగవుతాయి. ఆ జ్ఞాపకం 2048 అక్షరాలదైతే రెండున్నర సెకన్లు కాకముందే నిండిపోతుంది. తర్వాత వచ్చినవి నేలపాలు. మొదటి కొన్ని వరుసలు ముత్యాల్లా వచ్చి, ఆ తర్వాత మాటలు మింగుతూ పోతే కారణం ఇదే. ప్రింటరు నాసిగా ఉందనుకుని పాత సామాన్లవాడికి ఇచ్చేస్తారు చాలామంది.

‘ఆగు’ చెప్పడానికి రెండు దారులు. ఒకటి, ప్రింటరు 19 అనే సంకేతం పంపితే ఆగాలి, 17 పంపితే మళ్ళీ మొదలెట్టాలి. రెండోది, దానికోసం విడిగా ఒక తీగ. చాలా ప్రింటర్లలో అది 20వ పిన్ను. డాస్ రోజుల పీసీ అక్షరం పంపే ముందు తన రెండు పిన్నుల మీద అనుమతి కోసం చూస్తుంది. తొమ్మిది పిన్నుల్లో అవి 6, 8. కాబట్టి ప్రింటరు 20ని పీసీ 6కీ 8కీ కలపాలి. ఆ తర్వాత డాస్‌లో ‘మోడ్’ అనే ఆజ్ఞతో సీరియల్ పోర్టు వేగం, పారిటీ, బిట్లు చెప్పి, అదే ఆజ్ఞతో ప్రింటరు పోర్టుని సీరియల్ వైపు మళ్ళిస్తే ప్రోగ్రాములన్నీ అటే పంపుతాయి.

ఈ రోజు ల్యాప్‌టాపుకైతే యూఎస్‌బీనుంచి సీరియల్‌కి మార్చే చిన్న కేబులు కావాలి. మాకు ఎస్పీ రోడ్డులో దొరికింది. చెన్నైవారు రిచీ స్ట్రీటులో, ముంబైవారు లామింగ్టన్ రోడ్డులో అడగండి. విండోస్‌లో ‘జెనెరిక్ టెక్స్ట్ ఓన్లీ’ అనే ప్రింటరుని ఎంచి, ఆ కేబులుకి వచ్చిన కామ్ పోర్టు నంబరు చూపించాలి. పోర్టు సెట్టింగులో పై అయిదు మాటలూ ప్రింటరుతో సరిచూసుకోవాలి.

మేము నలుగురం మూడు ఆదివారాలు కూర్చున్నాం. మూడో ఆదివారం ఆ ప్రింటరు ల్యాప్‌టాపునుంచి ఇంగ్లీషులో ఒక పేజీ తప్పు లేకుండా కొట్టింది. ఆ గరగర శబ్దానికి పక్క గదిలో భజనకి వచ్చినవాళ్ళు కూడా వచ్చి చూశారు.

తెలుగు వరుసకి 36 రెట్లు

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంగ్లీషు సరే, తెలుగు?

ప్రింటరులో తెలుగు అక్షరాలు లేవు. ఉన్నది తొమ్మిది సూదులు. తెలుగు కావాలంటే కంప్యూటరే అక్షరాన్ని చుక్కలుగా గీసి పంపాలి. ఒక్కో బైటు ఎనిమిది చుక్కల నిలువు గీత. తలకట్టు, గుడి, కొమ్ము, కింద ఒత్తు అన్నీ పట్టాలంటే ఎత్తు 24 చుక్కలైనా కావాలి. అంటే ఒక వరుసకి తల మూడుసార్లు అటూ ఇటూ తిరగాలి.

లెక్క వేద్దాం. ఇంగ్లీషు వరుస 80 అక్షరాలు, 80 బైట్లు. అదే వెడల్పులో తెలుగు వరుస, అంగుళానికి 120 చుక్కల చొప్పున ఎనిమిది అంగుళాలకి 960 బైట్లు, మూడు సార్లకి 2880 బైట్లు. సరిగ్గా 36 రెట్లు. 9600 వేగంలో వరుస వెళ్ళడానికే మూడు సెకన్లు. 1200 వేగంలో 24 సెకన్లు. 30 వరుసల పేజీకి 12 నిమిషాలు.

ఇంకో చిక్కు. బిట్లు ఏడుకి పెట్టి ఉంటే ఎనిమిదో బిట్టు తీగ మీదికే ఎక్కదు. చుక్కల బొమ్మలో ఆ ఎనిమిదో బిట్టు ఏదనుకున్నారు? అన్నిటికంటే పై చుక్క. ఇంగ్లీషు పాఠానికి ఏ లోటూ రాదు, తెలుగు వరుసలో మాత్రం ప్రతి పట్టీకి పైన ఒక తెల్లచార పడుతుంది. తలకట్లు తెగిపోతాయి. ఏడు బిట్ల ఒప్పందం రాసుకున్నవాళ్ళు మనల్ని దృష్టిలో పెట్టుకోలేదు, అంతే.

ఈ లెక్క చూస్తే మన సంఘాల పాత జాబితాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఎందుకున్నాయో ఒక కారణం తెలుస్తుంది. పన్నెండు నిమిషాలకి ఒక పేజీ వచ్చే యంత్రం మీద ఎవరు తెలుగు కొడతారు? కానీ దాని ఖరీదు మన పేర్లు కట్టాయి. కదిరినుంచి వచ్చినాయన ఊరు ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్ళి తిరిగి తెలుగులోకి వచ్చేసరికి కడిరి కావచ్చు. కొత్త అనే ఇంటిపేరు కోత కావచ్చు. ళ, ల ఒకటైపోతాయి. దీర్ఘాలు పోతాయి. ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఇది చిన్న సంగతి, అడిగితే చెప్పేవాళ్ళు పక్కింట్లో ఉంటారు. రెండు మూడు తరాలు బయట ఉన్న మనకి ఇంటిపేరూ ఊరిపేరూ తప్ప వెనక్కి వెళ్ళే దారి ఇంకేముంది?

పెద్దలు పడ్డ శ్రమ

మన పెద్దలు ఆ రోజుల్లోనే తెలుగులో జాబితా చేశారంటే దానికి ఒక సాధనం దొరికింది. జిస్ట్. ఐఐటీ కాన్పూరులో మొదలైన పరిశోధనని 1988లో ఏర్పడిన పూణేలోని సీ-డాక్ ముందుకి తీసుకెళ్ళింది. పీసీ లోపల ఒక కార్డు పెడితే డాస్‌లో నడిచే మామూలు ప్రోగ్రాముల్లోనే భారతీయ భాషలు టైపు చేయవచ్చు. మహారాష్ట్రలోని మన సభ్యులు గర్వంగా చెప్పుకోదగ్గ పని అది.

దాని వెనక ఇస్కీ అనే సంకేతాల పట్టిక ఉంది. 1991లో అది భారతీయ ప్రమాణం అయింది, సంఖ్య ఐఎస్ 13194. ఎనిమిదో బిట్టుతో వచ్చిన కొత్త 128 గడుల్లో మన అక్షరాలకి చోటిచ్చారు. అందులో గొప్ప ఆలోచన ఒకటుంది. తెలుగు ‘క’కీ కన్నడ ‘క’కీ ఒడియా ‘క’కీ ఒకే సంకేతం. ఏ లిపిలో చూపించాలన్నది విడిగా చెప్పుకోవచ్చు. ఇంకొకటి, అక్షరాన్ని ఆకారంగా కాకుండా ఉచ్చారణగా దాచారు. ‘క్ష’ అంటే క, హలంతం, ష. అదే ఏడు వచ్చిన యూనికోడ్ మన లిపులకి గడులు కేటాయించేటప్పుడు ఇస్కీ ముందటి రూపాన్నే ఆధారం చేసుకుంది. ఈ రోజు మీ ఫోనులో తెలుగు ‘క్ష’ దాగి ఉన్నది కూడా ఆ మూడు సంకేతాలుగానే.

మా పాత కంప్యూటరులో ఉన్నది జిస్ట్ కార్డే. జాబితా డీబేస్ ఫైలు. లోపల తెలుగు ఇస్కీలో ఉంది.

ఇక్కడ మాకు దారి దొరికింది. ప్రింటరుకి పంపితే తెలుగు చుక్కలుగా మారి కాగితం మీద పడుతుంది. కాగితం మీది సిరాని మళ్ళీ అక్షరాలుగా మార్చడం పెద్ద పని. కానీ అదే తీగ మీద చుక్కలకి బదులు ఫైలునే పంపితే? పాత పీసీకి అవతల ప్రింటరు ఉందో ల్యాప్‌టాపు ఉందో తెలియదు. ‘ఆగు’ అంటే ఆగుతుంది, ‘రా’ అంటే పంపుతుంది. అందుకే ప్రింటరుని తీసి, రెండు కంప్యూటర్ల మధ్య వేసే నల్ మోడెమ్ కేబులుతో ల్యాప్‌టాపుని పెట్టాం. డాస్‌లో ‘కాపీ’ ఆజ్ఞతో ఫైలుని సీరియల్ పోర్టుకి పంపాం.

మూడు జాగ్రత్తలు తీసుకున్నాం. బిట్లు ఎనిమిదే ఉండాలి. ఏడైతే ఇస్కీ తెలుగంతా అర్థంలేని ఇంగ్లీషు అవుతుంది. ‘ఆగు’ తీగ ద్వారానే ఉండాలి. 17, 19 సంకేతాల పద్ధతి పెడితే ఫైలులో సహజంగా వచ్చే ఆ అంకెలని ల్యాప్‌టాపు మింగేస్తుంది. కాపీ ఆజ్ఞకి ‘ఇది బైనరీ’ అని చెప్పాలి. చెప్పకపోతే 26 అనే సంకేతం ఎదురైన చోట డాస్ ఫైలు అయిపోయిందనుకుని ఆపేస్తుంది.

ఈ పద్ధతిలో తప్పు పట్టుకునేవాడు ఎవడూ లేడు. కాబట్టి ఫైలుని రెండుసార్లు తెప్పించి రెండు ప్రతుల్నీ బైటు బైటుకీ పోల్చాం. డీబేస్ ఫైలు మొదట్లోనే ఎన్ని వరుసలో, ఒక్కో వరుస ఎంత పొడవో రాసి ఉంటుంది. గుణించి, మొదట్లోని ఆ వివరాల భాగం పొడవు కూడా కలిపితే ఫైలు పరిమాణం తేలాలి. తేలింది. ఒక్క బైటు కూడా పోలేదు. సభ్యుల పిల్లల్లో ఇంజనీరింగు చదువుతున్న ఒక అమ్మాయి సంకేతాల పట్టిక పక్కన పెట్టుకుని ఇస్కీని యూనికోడ్‌లోకి మార్చే చిన్న ప్రోగ్రాము రాసింది. మొదటి పేజీ తెర మీదికి వచ్చినప్పుడు ఊళ్ళ పేర్లు వరుసగా కనిపించాయి. హిందూపురం, మదనపల్లె, పెనుకొండ, కుప్పం, కదిరి. ‘ద’ ‘ద’గానే ఉంది.

ఇంకా మిగిలిన పని

ఆ జాబితా తర్వాతి సంచికలు, పత్రికలు, పెళ్ళి సంబంధాల పుస్తకాలు డీటీపీ రోజులవి. అప్పుడు అను, శ్రీలిపి వంటి ఫాంటులు వాడేవారు. వాటిలో తెలుగుని ఆకారాలుగా, ఒక్కో ఫాంటు తన సొంత గడుల్లో దాచేది. ఫాంటు లేకపోతే తెర మీద కనిపించేది పిచ్చి ఇంగ్లీషే. 2001లో విండోస్ ఎక్స్‌పీలో తెలుగు యూనికోడ్ వచ్చాక కూడా చాలా ఏళ్ళు అచ్చు పనంతా అలాగే నడిచింది. విచిత్రమేమిటంటే, ముప్పై ఏళ్ళ కిందటి జాబితా ఒక్క ఆదివారంలో తేటతెల్లంగా చేతికొచ్చింది. దాని తర్వాత వచ్చిన పుస్తకాలు ఒక్కో ఫాంటుకి ఒక్కో తాళంచెవి వెతుక్కుంటూ కూర్చున్నాయి. రెండు చివరలా ఒకే ఒప్పందం ఉంటే ఎంత పాత యంత్రమైనా మాట్లాడుతుంది. ఆ ఒప్పందం ఎక్కడా రాసి లేకపోతే నిన్నటి ఫైలు కూడా మూగదే.

అందుకే సభ్యులకి నాలుగు మనవులు.

మీ ఇంట్లో, మీ ఊరి సంఘంలో పాత కంప్యూటరు, ప్రింటరు ఉంటే పాత సామాన్లవాడికి ఇచ్చే ముందు ఒక్క మాట చెప్పండి. బరంపురం, షోలాపూరు, హోసూరు, యానాం, ఎక్కడైనా సరే. ముఖ్యంగా ఆ కేబుళ్ళు, ప్రింటరుతో వచ్చిన పుస్తకం పారేయకండి. స్విచ్చుల పట్టిక అందులోనే ఉంటుంది.

సంఘం పుస్తకాలు ఏ ప్రెస్సులో, ఏ ఫాంటుతో కొట్టించారో గుర్తున్నవారు రాసి పంపండి. ఒక్క ఫాంటు పేరు తెలిస్తే ఒక పుస్తకం మొత్తం తెరుచుకోవచ్చు.

ఇకమీదట సంఘం కొట్టించే ప్రతి తెలుగు పుస్తకానికీ అచ్చుప్రతితో పాటు యూనికోడ్ ప్రతి కూడా అడిగి తీసుకోవాలని కార్యవర్గాన్ని కోరుతున్నాం.

చివరిది పెద్దలకి. జాబితా తెరమీదికి వచ్చింది కానీ అందులో ఉన్నవారిలో చాలామంది ఇప్పుడు లేరు. కొన్ని వరుసల్లో ఇంటిపేరు ఉంది, ఊరు లేదు. కొన్నిట్లో ఊరుంది, అది ఏ తాలూకానో తెలియదు. మా పిల్లల్లో చాలామంది బడిలో కన్నడ, ఇంగ్లీషు చదివారు, తెలుగు మాట్లాడతారే కానీ చదవలేరు. ఖాళీలు నింపగలవారు మీరే. ప్రతి నెలా రెండో ఆదివారం ఉదయం పది నుంచి సంఘం గదిలో జాబితా చదువుతూ కూర్చుంటాం. రాలేనివారు ఫోను చేయించండి, మేమే మీ ఇంటికి వచ్చి చదివి వినిపిస్తాం.